గూళ్ళ కాలం

గిరావీన్, సిడ్నీ
అక్టోబరు 6, 1999

పెద్దమ్మకు మక్సూద్ సలాం.

మేమిద్దరం బాగున్నాం. హీనాకు ఎనిమిదో నెల. బిడ్డ బాగా తిరుగుతోందని డాక్టరమ్మ చెప్పింది. నువ్వు పంపిన ఊరగాయను మాత్రం కస్టమ్స్ వాళ్ళు చెత్తబుట్టలో వేశారు. ఈ దేశంలో ఏది గడప దాటాలన్నా ఒక చట్టం అడ్డొస్తుంది.

నా ఉద్యోగం ఏమిటని అడిగావు. బ్యాంకు కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెలతో రాసి పెట్టారు. జనవరి రాగానే అవి మళ్ళీ 1900 వచ్చిందనుకుంటాయట. ఆ తేదీలు వెతికి దిద్దడమే నా పని. నువ్వు బనగానపల్లె బడిలో పిల్లల కాపీలు దిద్దినట్టే అనుకో, జీతం కాస్త ఎక్కువ.

ఇక అసలు సంగతి. కోప్పడొద్దు. నేను ఒక డేగను పట్టాను.

మా అపార్టుమెంటు వెనక వాగు ఉంది. గట్టున ఉన్న పెద్ద గమ్ చెట్టు (మన నీలగిరి చెట్టు జాతే) మీద రెండు గోధుమరంగు డేగలు తిరిగేవి. రైలుకు పోతూ రోజూ చూసేవాణ్ణి. నవాబుగారి డేగలను సాకిన మనిషి మనవణ్ణి, ఇక్కడ కూర్చుని అంకెలు దిద్దుకుంటున్నానే అనిపించేది. ఒక ఆదివారం తీగబుట్ట మీద చేపల దారంతో తాత కట్టినట్టే ఉచ్చులు కట్టి, లోపల ఎలుకను పెట్టాను. మధ్యాహ్నానికల్లా పెద్దది, పెట్ట, కాళ్ళు తగిలించుకుంది. పసుపు కళ్ళు. చూస్తే వదలబుద్ధి కాలేదు. తోలుపట్టీలు వేసి, కాలికి చిన్న గజ్జె కట్టి, బట్టలుతికే గదిలో కూర్చోబెట్టాను.

కింది ఫ్లాటులో యోగానంద్ అని కరీంనగర్ అబ్బాయి ఉన్నాడు, మా ఆఫీసే. వాడు చూసి గబగబా తలుపు మూశాడు. “అన్నా, ఇది టోటల్లీ ఇల్లీగల్! ఈడ అడవి పిట్టలన్నీ ఇంగ్లండు రాణిగారి ప్రాపర్టీ అన్నా. దెబ్బ తాకిన పిట్టను ఇంట్ల పెట్టుకోవాల్నన్నా లైసెన్స్ ఉండాలె. డేగల్తోని వేటాడుడు ఈ స్టేట్ల లేనే లేదు. నీ పీఆర్ అప్లికేషన్ ఏమైతదో సోచాయించినవా?” అన్నాడు. ఈ దేశంలో స్థిరపడడానికి పెట్టుకున్న దరఖాస్తు అది, నాకూ భయమే. కానీ పెద్దమ్మా, తాత పోయాక ఆ విద్య మన ఇంట్లో నీకు ఒక్కదానికే వచ్చు. ఇది తినడం లేదు. ఎంతసేపూ వాగు వైపే చూస్తుంది. ఏం చేయాలో రాయి.

నీ మక్సూద్


బనగానపల్లె
అక్టోబరు 20, 1999

చిరంజీవి మక్సూద్‌కు పెద్దమ్మ దువా.

నీ ఉత్తరం చదివి ముందు తిట్టాను, తర్వాత నవ్వాను, తర్వాత పక్కింటి వాళ్ళను పిలిచి చదివి వినిపించాను. చేపల దారంతో ఉచ్చులు కట్టావా! నాన్న బతికి ఉంటే గుర్రపు వెంట్రుక దొరకలేదా అని నీ చెవి మెలేసేవాడు.

చట్టం గురించి భయపడుతున్నావు. పడాల్సిందే. డెబ్భై రెండులో ఢిల్లీ వాళ్ళు చట్టం చేశాక నాన్న పక్షులన్నిటినీ యాగంటి కొండల్లో వదిలేసి వచ్చాడు. డేగల తలకు తొడిగే కుళ్ళాయిలు, కాలి గజ్జెలు నాచేతే పొయ్యిలో వేయించాడు. అయితే ఆయనకు సర్కారు చట్టం కంటే గట్టి చట్టం ఒకటి ఉండేది. గూడు పెట్టుకున్న పక్షిని ముట్టేవాడు కాదు. నవాబుగారు అడిగినా సరే. “సర్కారు జైల్లో ఏస్తాది, ఎప్పుడో ఒకనాడు బయటికొస్తాం. గూటి మీద పిట్టను పట్టినోడు బయటికొచ్చేది ల్యా” అనేవాడు. ఇంట్లో చూలాలు ఉంటే ఆ ఏడు ఉచ్చు ముట్టడమే లేదు. ఎందుకు నాయనా అంటే లేచి వెళ్ళిపోయేవాడు.

నీ అదృష్టం బాగుంది, ఇది గూళ్ళ కాలం కాదు. నిన్ననే దసరా వెళ్ళింది. చలి మొదలయ్యే వేళ పట్టడం, ఎండలు ముదిరేలోగా వదిలేయడం, అదే పద్ధతి. కాబట్టి బెంగ పెట్టుకోకు. చీకటి గదిలో నీ చేతి మీదే కూర్చోబెట్టుకో. అది నీ ముందు రెక్కలు వదిలి కునుకు తీసిందంటే నీది అయినట్టే. పచ్చిమాంసం నీ వేళ్ళతోనే తినిపించు. మార్చి దాకా వదలొద్దు. ఇప్పుడు వదిలితే చలికి వేట దొరక్క చస్తుంది, ఆ పాపం మనకెందుకు?

హీనాను ఆ గదిలోకి పోనివ్వకు. బిడ్డ పుట్టగానే తెలియజేయి.

పెద్దమ్మ ఖైరున్నీసా


గిరావీన్
నవంబరు 5, 1999

పెద్దమ్మకు సలాం.

నీ ఉత్తరం అందాక మనసు కుదుటపడింది. నువ్వు చెప్పినట్టే చేశాను. తింటోంది. చేతి మీద కునుకు కూడా తీసింది. అయితే నిజం చెప్పాలంటే ముందు కునుకు తీసింది నేను. మెలకువ వచ్చి చూస్తే అది కళ్ళార్పకుండా నన్నే చూస్తోంది.

దాని పొట్ట మీద ఈకలు ఊడిపోయి బొప్పాయి ముక్కంత చోట ఎర్రటి చర్మం కనిపిస్తోంది. ముట్టుకుంటే జ్వరం వచ్చినట్టు వేడి. ఏమైనా జబ్బా? రెండో డేగ, చిన్నది, రోజూ వస్తోంది. మొదట్లో బట్టలారేసే తీగ మీద కూర్చునేది. ఇప్పుడు మా బాల్కనీ కమ్మీ మీదికే వచ్చి, ఈకలు పీకిన పావురాన్ని పెట్టి పోతోంది. మా పెట్టను ఈ అద్దాల తలుపు దగ్గరికి తెస్తే రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటాయి కానీ అరవవు.

హీనాకు ఇది బొత్తిగా నచ్చలేదు. ఈ ఎండలకు ఇప్పటికే నిద్ర లేదు దానికి. నిన్న ముప్పై ఆరు డిగ్రీలు. వీధంతా జకరండా చెట్లు ఊదా పూలు పూసి రాలుతున్నాయి, చూడ్డానికి బాగుంటుంది కానీ ఉక్క. హీనా నీళ్ళ కోసం డేగ ఉన్న గదిలోకి వెళ్ళి వచ్చి, “అది నా మొగం చూడ్లేదు, నా కడుపును చూస్తాంది” అంది. నేను నవ్వేశాను. చూలాలికి అన్నీ అలాగే అనిపిస్తాయి కదా?

మార్చి దాకా ఉంచుతాను. నీ మాటే నాకు చట్టం.

నీ మక్సూద్


బనగానపల్లె
నవంబరు 18, 1999

మక్సూద్,

ఈ ఉత్తరం చేతికి రాగానే చదవడం ఆపి ముందు ఆ పక్షిని వదిలేయి. వదిలి వచ్చి మిగతాది చదువు.

ఎండలేమిట్రా? పూలేమిట్రా? నవంబరులో ముప్పై ఆరు డిగ్రీలు ఏమిటి? నీ ఉత్తరం పట్టుకుని బడికి పోయి గోడ మీది ప్రపంచ పటం ముందు నిలబడ్డాను. ముప్పై ఏళ్ళు ఆ పటం కిందే కూర్చుని పాఠం చెప్పిన దాన్ని. మనకు చలికాలమైతే మీకు ఎండాకాలం. అక్టోబరు అంటే అక్కడ వసంతం. నా బుద్ధి గడ్డి తినింది. తేదీలు దిద్దే ఉద్యోగం చేస్తున్నావే, నీకైనా తట్టలేదా?

ఆ ఎర్రటి చర్మం జబ్బు కాదు. గుడ్లను పొదగడానికి పెట్ట తన పొట్ట ఈకలు తనే రాల్చుకుంటుంది. నువ్వు పట్టింది గూటి మీది పక్షిని. ఆ చిన్నది దాని మగడు, పెళ్ళానికి మేత తెస్తున్నాడు. నేను, అల్లా నన్ను క్షమించాలి, మార్చి దాకా వదలొద్దని రాశాను.

ఇది రాసేలోపే నంద్యాల పోయి ఐఎస్‌డీ బూత్ నుంచి మీకు ఫోను చేశాను. ఎవరో ఎత్తారు. “మక్సూద్, పక్షిని వదిలేయి” అని అరిచాను. పలకలేదు. గజ్జె ఒకసారి మోగింది, పెట్టేశారు. మళ్ళీ చేస్తే కలవలేదు. నీకు కోపం వచ్చిందా? మాట్లాడకపోవడం ఏమిటి?

వదిలేయి నాయనా.

పెద్దమ్మ


గిరావీన్
డిసెంబరు 3, 1999

పెద్దమ్మకు సలాం.

మాకు ఆడపిల్ల పుట్టింది. నవంబరు ఇరవై నాలుగున. తల్లీబిడ్డా క్షేమం. అఫీఫా అని పేరు పెట్టాం. ముక్కు నీదే.

నీ ఉత్తరం బిడ్డను ఇంటికి తెచ్చిన రోజే అందింది. అక్కడే నిలబడి చదివి, పట్టీలు కోసి బాల్కనీ నుంచి వదిలేశాను. తిన్నగా గమ్ చెట్టు మీదికి పోయింది. యోగానంద్, నేనూ చెట్టు కిందికి వెళ్ళి చూశాం. పుల్లల గూడు పైన అలాగే ఉంది. కింద పగిలిన గుడ్ల పెంకులు, ఎండిపోయి, చీమలు పట్టి ఉన్నాయి. యోగానంద్ వాటిని మట్టితో కప్పాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

నాకు కోపం ఎందుకొస్తుంది పెద్దమ్మా? నీ ఫోను నేను ఎత్తనే లేదు. ఆ వారమంతా హీనాకు రక్తపోటు ఎక్కువై ఆసుపత్రిలో ఉంచారు. నేను పక్షికి మేత వేయడానికి వచ్చి పోయేవాణ్ణి. ఇల్లు తాళం వేసి ఉంది. పక్షి తలుపు వేసిన గదిలో ఉంది. నువ్వు ఏదో తప్పు నంబరుకు చేసి ఉంటావు. కానీ గజ్జె సంగతి నాకు అర్థం కాలేదు. దాన్ని నేను అంతకు ముందే విప్పేశాను, హీనా ఆ చప్పుడు భరించలేకపోతోందని.

వదిలిన సాయంత్రమే పెట్ట తిరిగి వచ్చింది. నా గదికి కాదు, బిడ్డ పడుకునే గదికి. కిటికీ బయట గట్టు మీద కూర్చుంది. తెల్లవారి చూస్తే అక్కడ పావురం మాంసం ఉంది. బాల్కనీలో పెట్టకు పెట్టినట్టు మొత్తం పావురం కాదు. సన్నగా, ఎముక లేకుండా చీల్చి పెట్టి ఉంది.

నీ మక్సూద్


బనగానపల్లె
డిసెంబరు 17, 1999

చిరంజీవి మక్సూద్‌కు, హీనాకు, బుజ్జి అఫీఫాకు దువా.

బిడ్డ పుట్టిందని వీధంతా ఖర్జూరాలు పంచాను. ఉపవాసాలకు ముందే పుట్టింది, అంతా మంచే జరగాలి.

మిగతాది చదివాక ఇఫ్తారు పళ్ళెం పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. నాన్న ఒక పని చేసేవాడు. తల్లి చచ్చిన డేగ పిల్ల ఎక్కడైనా దొరికితే, పిల్లలు పోయిన డేగల గూట్లో పెట్టి వచ్చేవాడు. అవి కాదనేవి కావు. పిల్ల ఎవరిదని చూడవు. నోరు తెరిచిందా, ఆకలిగా ఉందా, అంతే. గూడు ఖాళీగా ఉన్న జంటకు ఒక నోరు కావాలి. నీ ఇంట్లో ఒక నోరు కనిపించింది వాటికి.

కిటికీ బిగించు. నల్లగుడ్డ కట్టు. ఊయలను వేరే గదిలోకి మార్చు. ఆ మాంసాన్ని నీ చేత్తో తీసి దూరంగా పారేయి. మనకైతే పట్టడం నేరం, అక్కడ లైసెన్సు ఉన్నవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళను పిలిచి పట్టించి ఎక్కడైనా దూరంగా వదిలించు.

పెద్దమ్మ


గిరావీన్
జనవరి 11, 2000

పెద్దమ్మకు ఈద్ ముబారక్.

కొత్త సంవత్సరం వచ్చింది, ఏ కంప్యూటరూ చెడలేదు. బ్యాంకులో పిజ్జాలు తెప్పించుకుని కూర్చున్నాం, ఏమీ జరగలేదు. ఇంత జీతం తీసుకుని ఏమీ జరగకపోతే మా మేనేజరు మొహం ఎలా ఉంటుందో నువ్వు చూడాలి.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. నల్లగుడ్డ కట్టాం. ఊయల మార్చాం. మర్నాటికి అవి రెండో కిటికీకి వచ్చాయి. మళ్ళీ మార్చాం, మళ్ళీ వచ్చాయి. అఫీఫా ఏడుస్తూ ఉన్నప్పుడు అవి గట్టు మీద వాలితే ఏడుపు ఠక్కున ఆగిపోతుంది. ఆ వైపు తల తిప్పి నోరు తెరుస్తుంది. పసిపిల్లలు అందరూ నోరు తెరుస్తారులే అని హీనాకు చెబుతున్నాను. నాకు నేనే చెప్పుకుంటున్నానేమో.

వన్యప్రాణి శాఖ నుంచి ఒకావిడ వచ్చింది. మంచి మనిషి. ఎక్కువ సేపు కూర్చుని చూసి, ఇవి అడవి పక్షులు, వీటిని పట్టడానికి ఎవరికీ, తమకు కూడా, ఊరికే అనుమతి లేదు అంది. డేగ కిటికీ మీద వాలడం నేరం కాదట, దాన్ని పట్టడం నేరమట. తర్వాత బైనాక్యులర్స్‌తో చూస్తూ, “పెట్ట కాళ్ళ మీద పట్టీ ఒరుసుకున్న గుర్తులున్నాయి. దీన్ని ఎవరో అక్రమంగా పెంచారు. ఆ సంగతి రుజువైతే మనుషులకు అలవాటు పడిన పక్షిగా లెక్కేసి తీసుకుపోగలం. మీకు తెలిసిన వాళ్ళెవరైనా ఉన్నారా?” అని అడిగింది.

హీనా వంటగదిలో ఉంది. అలాంటివాళ్ళెవరూ తెలియదన్నాను నేను. పెద్దమ్మా, పీఆర్ కాగితాలు చివరి మెట్టు మీద ఉన్నాయి. ఇప్పుడు నా పేరు మీద కేసు పడితే ముగ్గురం సామాన్లు సర్దుకోవాల్సిందే. నువ్వే చెప్పు, ఇంకేమని చెప్పగలను?

నీ మక్సూద్


బనగానపల్లె
జనవరి 27, 2000

మక్సూద్,

ఏమని చెప్పాలో నన్ను అడుగుతున్నావా? నేనే పట్టాను అని చెప్పాలి. ఆమె నీ ఇంటికి వచ్చి, నీ కుర్చీలో కూర్చుని, నీ బిడ్డను కాపాడే మాట నీ నోట్లో పెట్టింది. నువ్వు మింగేశావు.

సామాన్లు సర్దుకోవాల్సి వస్తే సర్దుకో. ఇక్కడ నాకు రెండు గదులున్నాయి. పిల్లకు పాలిచ్చే మేక ఉంది. పోయి చెప్పు. ఈ ఉత్తరానికి జవాబు వద్దు, చెప్పి వచ్చానని ఒక్క ముక్క రాయి చాలు.

పెద్దమ్మ


గిరావీన్
మే 28, 2000

పెద్దమ్మకు సలాం.

ఇన్నాళ్ళూ రాయనందుకు తిడతావని తెలుసు. నీ ఉత్తరం పర్సులో పెట్టుకుని తిరిగాను. రెండుసార్లు ఆ ఆఫీసు దాకా పోయి వచ్చాను. మార్చిలో పీఆర్ వచ్చింది. వచ్చాక చెబుదామనుకున్నాను, వచ్చాక ఇంకా భయమేసింది. వచ్చినదాన్ని వెనక్కి తీసుకుంటారని యోగానంద్ అన్నాడు.

ఇంట్లో ఫోను తీయించేశాను. ఎవరూ చేయకుండానే మోగేది, ఎత్తితే గజ్జె చప్పుడు. ఏ తీగ లోపమో. మొబైలు కొన్నాక నంబరు రాస్తాను.

చెబితే నమ్మవు, మేము అలవాటు పడిపోయాం. ఉదయం లేవగానే గట్టు మీది మాంసం తీసి పారేయడం, కిటికీ కడగడం నా వంతు. చలి మొదలైనా మానలేదు. హీనా మొన్న వాటిని చూసి, “వచ్చినారా, కూర్చోండి” అంది. ఇద్దరం నవ్వుకున్నాం. కిటికీ మాత్రం ఎప్పుడూ తెరవం. గదంతా బూజు వాసన.

అఫీఫా పాకుతోంది. ఈ వయసుకే ఏదైనా పట్టుకుని నిలబడాలని చూస్తుంది. అన్నం పెడితే మొహం తిప్పుకుంటుంది, బరువు పెరగలేదని డాక్టరమ్మ అంటోంది. కళ్ళు మాత్రం పెద్దవి, ఆర్పదు.

ఒక్క మాట అడగాలి. నీ అనుభవంలో ఇవి మేత పెట్టడం ఎప్పుడు మానేస్తాయి? మానేస్తే పీడ విరగడైనట్టే కదా.

నీ మక్సూద్


బనగానపల్లె
జూన్ 12, 2000

నాయనా మక్సూద్,

తిట్టను. తిట్టే సమయం లేదు. నీ ఉత్తరం ఈ పొద్దున అందింది. ఫోను లేదన్నావు. నంద్యాలలో ఈమెయిలు అంగడికి పోతే నీ అడ్రసు అడిగారు, నాకేం తెలుసు? ఈ కాగితం ఒక్కటే దారి. త్వరగా పోయే టపాలో వేస్తున్నాను.

బాగా విను. మేత ఆగిన రోజు సంతోషపడొద్దు. పిల్ల గూటి అంచు మీద నిలబడి రెక్కలాడించడం చూసిన రోజున తల్లిదండ్రులు గూటికి మేత తేవడం మానేస్తాయి. ఎదురు చెట్టు మీద మాంసం పట్టుకుని కూర్చుంటాయి. కూర్చుని పిలుస్తాయి. ఆకలికి తాళలేక పిల్ల అంచు మీదికి వస్తుంది. ఇంకా పిలుస్తాయి. ఎగరడం అలాగే నేర్పుతాయి.

మీరు ఉండేది రెండో అంతస్తు.

అఫీఫా నిలబడుతోందని రాశావు. మేత ఆగిందా, ఆ క్షణమే కిటికీలకు మేకులు కొట్టు. బిడ్డను ఎత్తుకుని ఎటైనా పోండి. పోయే ముందు కుదరకపోతే పోయాకైనా ఆ ఆఫీసులో నిజం చెప్పు. నేను రాసిన మొదటి ఉత్తరాన్ని నమ్మావు కదా, దీన్ని కూడా నమ్ము.

పెద్దమ్మ


గిరావీన్
జూన్ 17, 2000

పెద్దమ్మకు సలాం.

శుభవార్త! నీ జవాబు కోసం ఆగలేక రాస్తున్నాను. అవి మానేశాయి. సోమవారం నుంచి గట్టు మీద ఒక్క తునక లేదు. నువ్వు చేసిన దువాలే ఫలించాయి.

పూర్తిగా పోలేదనుకో. వీధికి అవతలి చెట్టు మీద కూర్చుని ఏదో అరుస్తూ ఉంటాయి. అరుచుకోనీ, మన గడప దిగాయి కదా. ఇన్ని నెలల తర్వాత హీనా మొహంలో నవ్వు చూశాను. నిన్న నల్లగుడ్డ పీకేసి, బిగుసుకుపోయిన కిటికీని స్క్రూడ్రైవరుతో తెరిచాను. గదిలోకి ఎండ వచ్చింది. బూజు వాసన పోతుందని రోజంతా తెరిచే ఉంచుతున్నాం.

అఫీఫా సంతోషం చెప్పలేను. రెండు రోజులుగా పాలు కూడా సరిగా తాగడం లేదు, అయినా ఏడవదు. పాక్కుంటూ కిటికీ కిందికే పోతుంది. గట్టు పట్టుకుని నిలబడి, బయటి అరుపు విని తనూ అరుస్తుంది. రెండు చేతులూ చాచి టపటపా ఆడిస్తుంది. హీనా పిలిచి చూపించింది, “చూడు, మన అమ్మి యెట్ల రెక్కలాడిస్తాందో” అని. మా ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

కిటికీ గట్టు దాని గడ్డం దాకా వస్తోంది, పాపం బయటికి సరిగా కనబడదు. రేపు ఆదివారం. సోఫాను కిటికీ పక్కకు జరిపి పెడతాను.

నీ మక్సూద్